ఆ తలుపు వేసుకున్న రోజుల గురించి ఇప్పుడు మా అబ్బాయికి ఏం చెప్పాలి?

ఈసారి తీసుకున్న ఉత్తరం చాలా పొడుగు, మొత్తం వేయలేం కాబట్టి విషయం నా మాటల్లో చెప్తాను, అక్కడక్కడా ఆవిడ మాటలు అలాగే ఉంచుతాను.

రాసినావిడ ఒక కంపెనీ అకౌంట్స్ టీమ్‌లో పనిచేస్తారు, పేరు వద్దన్నారు. 2020 మార్చిలో అన్నీ మూసేసినప్పుడు వాళ్లబ్బాయికి 7 ఏళ్లు, ఒక్కడే కొడుకు. భర్తది ఇంట్లో కూర్చుని చేసే పని కాదు, లాక్‌డౌన్‌లో కూడా రోజూ వెళ్లాల్సిందే, వచ్చాక ఎవరికి అంటిస్తానో అన్న భయంతో వేరే గదిలో ఉండిపోయేవారట. 70 దాటిన మామగారు కూడా ఇంట్లోనే. ఈవిడ పొద్దున్నే బెడ్‌రూమ్‌లోకి వెళ్లి తలుపేసుకుంటే సాయంత్రం దాకా ల్యాప్‌టాపే, బయట హాల్లో తాతా మనవడూ. ఆన్‌లైన్ క్లాసు అయిపోయాక ఫోన్ వాడి చేతిలోనే ఉండిపోయేది. "ఫోన్ లాక్కుంటే వచ్చి తలుపు కొడతాడు, అందుకే లాక్కునేదాన్ని కాదు" అని దాచుకోకుండా రాశారు.

"ఒకరోజు ముఖ్యమైన కాల్‌లో ఉండగా వాడు ఆపకుండా తలుపు బాదుతున్నాడు, మ్యూట్‌లో పెట్టి బయటికొచ్చి చెంప మీద ఒక్కటిచ్చాను, నీవల్ల నా ఉద్యోగం పోతుందిరా అని అరిచాను, మళ్లీ లోపలికెళ్లి తలుపేసుకున్నాను. వాడేం చెప్పడానికొచ్చాడో ఈరోజుకీ నాకు తెలీదు."

2021లో మామగారికి కోవిడ్ వచ్చింది, హాస్పిటల్‌కి తీసుకెళ్లారు, తిరిగి రాలేదు. బాబుకి చెప్పడానికి నోరు రాక నెలకి పైగా "తాతయ్యకి ఇంకా ట్రీట్‌మెంట్ జరుగుతోంది నాన్నా" అంటూ వచ్చారు. ఒక రాత్రి వాడే "తాతయ్య చనిపోయాడు కదా, నాకు తెలుసు" అని అటు తిరిగి పడుకున్నాడట. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

ఇంకొకటి కూడా ఉంది, ఇది ఎవరికీ చెప్పుకోలేదన్నారు. ఎన్నాళ్లుగానో వాయిదా వేస్తూ వచ్చిన ప్రొఫెషనల్ పరీక్షలు ఆవిడ ఆ రెండేళ్లలోనే, రాత్రి బాబు పడుకున్నాక చదివి పూర్తి చేశారు. మీటింగుల్లో మాట్లాడటానికే వణికే మనిషి టీమ్‌ని నడిపే స్థాయికి వచ్చారు, ప్రమోషన్ వచ్చింది, ఇంట్లో కూడా "ఇది నావల్ల కాదు" అని చెప్పడం అప్పుడే అలవాటైందట. "నా జీవితంలో నేను ఎదిగిన టైమ్ అదొక్కటే, మా వాడికి మాత్రం అదే అన్నిటికంటే చెడ్డ టైమ్. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోలేకపోతున్నాను."

ఇప్పుడు బాబుకి 12. ఈమధ్య స్కూల్లో చిన్నప్పటి జ్ఞాపకం ఏదైనా రాయమంటే లాక్‌డౌన్ గురించి రెండు పేజీలు రాశాడు. బ్యాగ్ సర్దుతుంటే ఆవిడకి దొరికింది. "అమ్మ ఇంట్లోనే ఉండేది కానీ తలుపు వేసి ఉండేది" అన్న లైను దగ్గర ఆగిపోయారు, అప్పట్నుంచీ సరిగ్గా నిద్ర లేదు. భర్తతో అంటే "అందరి ఇళ్లలో అదే కదా, ఇప్పుడెందుకు తవ్వుతావు" అన్నారు. దీనికి తోడు ఆఫీసులో కొత్త పోస్టు ఇస్తామంటున్నారు, ఇంటి నుంచి పని ఉండదు, అప్పుడప్పుడూ వేరే ఊళ్లకి వెళ్లాలి, నెలాఖరులోగా జవాబు చెప్పాలి. వాడికి సారీ చెప్పాలా, తాతయ్య సంగతి ఇప్పుడు ఎత్తాలా, ఈ ఉద్యోగం వద్దనాలా, ఒకసారి వదిలేసినదాన్ని మళ్లీ వదిలేస్తానా. ఇవీ ప్రశ్నలు.

సమాధానం:

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదివినప్పుడు ఒక చిన్న లైను దగ్గర ఆగాను. రెండో పేజీ చివర్లో బ్రాకెట్లలో పెట్టి, ఏదో గుర్తొచ్చి రాసినట్టు రాశారు: "వాడు బొమ్మలు గీసి తలుపు కింద నుంచి లోపలికి తోసేవాడని, నేను టిక్ పెట్టి మళ్లీ బయటికి తోసేదాన్నని కూడా రాశాడు." అంతే, దాని తర్వాత ఆ ఊసే లేదు. వాడు రాసింది రెండు పేజీలు. అందులో తలుపు వేసి ఉండేదన్న వాక్యం ఒకటి, ఆ తలుపు కిందనుంచి అమ్మ జవాబు వచ్చేదన్న వాక్యం ఇంకొకటి. మీరు మొదటిదాన్ని పట్టుకుని నిద్ర మానేశారు, రెండోదాన్ని బ్రాకెట్లలో పడేశారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు చదివారండీ ఆ పేజీలు, వాడేమో అసలు దొంగ ఊసే ఎత్తలేదు. కుదిరితే మొత్తం మళ్లీ ఒకసారి చదవండి, తల్లిగా కాకుండా ఎవరో పిల్లాడు రాసినట్టు అనుకుని.

అందుకని ఏమీ జరగలేదని నేను అనట్లేదు. జరిగింది. కానీ మీ మనసులో మూడు వేరు వేరు సంగతులు కలిసిపోయి ఒకే పెద్ద తప్పుగా కనిపిస్తున్నాయి: తలుపు, చెంపదెబ్బ, తాతయ్య. మూడింటికీ ఒకే సారీ సరిపోదు, మూడింటికీ సారీ అక్కర్లేదు కూడా.

ముందు తలుపు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ని పాండమిక్ అని ప్రకటించింది 2020 మార్చి 11న, ఆ తర్వాత కొన్ని వారాల్లోనే 190కి పైగా దేశాల్లో స్కూళ్లు మూతపడ్డాయి, యునెస్కో లెక్కలో సుమారు 160 కోట్ల మంది పిల్లలు, విద్యార్థులు ఇంట్లో కూర్చున్నారు. అంటే టీచరు పని, ఆయా పని, ఆటల మాస్టారు పని, తోటి పిల్లల పని అన్నీ ఒక్కసారిగా ఇంట్లో ఉన్న పెద్దవాళ్ల మీద పడ్డాయి, వాళ్ల ఉద్యోగాలేమీ తగ్గలేదు, పైగా ఉంటుందో పోతుందో అన్న భయం ఒకటి. ఈ విషయంలో మీ ఆయన అన్నది నిజమే. మీరు తలుపేసుకోవడం మీ గుణం వల్ల జరిగింది కాదు, తలుపు తీసిపెట్టుకుని ఆ పని చేయగలిగే ఇల్లు ఎక్కడా లేదు. కాకపోతే ఏడేళ్ల పిల్లాడికి ఇది తెలీదు కదా. అమ్మ ఆఫీసుకెళ్తే లేనట్టు లెక్క, ఇంట్లో ఉంటే తనకోసం ఉన్నట్టు లెక్క. ఇంట్లో ఉండి కూడా దొరకని అమ్మ వాడికి అర్థం కాలేదు, అదే రాశాడు. దీనికి కావాల్సింది క్షమాపణ కంటే వివరం. తలుపుకి ఇటువైపు ఏం జరిగిందో వాడికి ఎప్పుడూ ఎవరూ చెప్పినట్టు లేదు. మీ టీమ్‌లో ఎవరి ఉద్యోగాలు పోయాయి, మీకెంత భయమేసింది, కాల్‌లో ఉంటే ఎందుకు లేవలేకపోయేవారు, ఇవన్నీ 12 ఏళ్లవాడికి బాగానే అర్థమవుతాయి. నిజానికి ఆ వయసు పిల్లలకి ఇలాంటివి వినడం ఇష్టం, మనల్ని పెద్దవాళ్లలా చూస్తున్నారని సంబరపడతారు.

ఎడ్వర్డ్ ట్రోనిక్ అని అమెరికన్ సైకాలజిస్ట్ ఒకాయన, 1970ల నుంచి తల్లులూ పసిపిల్లల మీద పనిచేశారు. తల్లిని బిడ్డతో ఆడుకోమని, తర్వాత కాసేపు మొహంలో ఏ భావమూ లేకుండా ఊరికే చూడమని అడిగేవారు, బిడ్డ నవ్వించడానికి చూస్తుంది, చేతులు చాస్తుంది, చివరికి ఏడుస్తుంది, అప్పుడు తల్లి మళ్లీ మామూలుగా అవుతుంది. ఆ ప్రయోగం గురించి చదివిన వాళ్లందరూ బిడ్డ ఏడుపునే గుర్తుపెట్టుకుంటారు, మీలాంటివాళ్లు మరీను. కానీ ఆయన పరిశోధనల్లో ఇంకో సంగతి తేలింది, మామూలుగా బాగా ఉన్న తల్లీబిడ్డలు కూడా ఒకరికొకరు సరిగ్గా అందేది సుమారు 30 శాతం టైమే. మిగతాదంతా తప్పిపోవడం, మళ్లీ కలుపుకోవడం. పిల్లలు గట్టిపడేది ఆ మళ్లీ కలుపుకోవడం దగ్గరే అని ఆయన అంటారు. టిక్ పెట్టి బయటికి తోసిన కాగితం సరిగ్గా అదే పని చేసింది.

ఫోన్ సంగతి పెద్దగా మాట్లాడను. ఆ రెండేళ్లు ఫోన్ స్కూలు, ఫోనే స్నేహితులు, ఫోనే ఆయా, దాని గురించి ఇప్పుడు బాధపడి లాభం లేదు. ఇప్పుడు వాడు ఎంతసేపు చూస్తున్నాడు, రాత్రి నిద్ర ఎంత ఉంటోంది అన్నదే చూసుకోండి, 12 ఏళ్లవాడికి 9 గంటలకి తగ్గకుండా నిద్ర కావాలి, ఫోన్ వల్ల అది తగ్గుతుంటే దాని గురించి మాట్లాడండి, 2020 గురించి కాదు.

ఇక చెంపదెబ్బ. ఇది మాత్రం మీదే, లాక్‌డౌన్‌ది కాదు, మీ ఆయన "అందరి ఇళ్లలో అదే" అన్న మాట ఇక్కడ పనిచేయదు. ఇంకో సంగతి, దెబ్బకంటే మీరన్న మాటే ఎక్కువ బరువైనదని నాకనిపిస్తోంది. "నీవల్ల నా ఉద్యోగం పోతుంది." ఆ వయసు పిల్లలు ఇంట్లో ఏ చెడు జరిగినా దానికి తామే కారణమేమో అని తేలిగ్గా నమ్మేస్తారు, అమ్మానాన్నా పోట్లాడుకున్నా, ఎవరికైనా జబ్బు చేసినా. మీరు ఆ నమ్మకాన్ని నోటితో చెప్పేశారు. వాడికి గుర్తుందో లేదో మనకి తెలీదు, ఎస్సేలో అయితే లేదు. ఇప్పుడు మీ ముందు మూడు దారులున్నాయి.

ఒకటి, ఏమీ అనకుండా వదిలేయడం. చాలామంది ఇదే చేస్తారు, పిల్లలు కూడా చాలావరకు బాగానే పెరుగుతారు, అబద్ధమెందుకు చెప్పాలి. కానీ వాడికి గుర్తుంటే మాత్రం, అమ్మకి అది పట్టించుకోదగ్గ విషయంగా అనిపించలేదు అనే అర్థం చేసుకుంటాడు, రేపు వాడు ఎవరినైనా అలా అన్నప్పుడు వెనక్కెళ్లి ఏం చేయాలో వాడికి తెలియదు. మీరు కూడా ఇంకో ఐదేళ్లు ఇలాగే లోపల మోసుకుంటూ తిరుగుతారు.

రెండు, ఒకరోజు కూర్చోబెట్టి మనసులో ఉన్నదంతా చెప్పేయడం, ఏడ్చేయడం. ఉత్తరం చూస్తే మీకు ఇదే చేయాలని ఉన్నట్టుంది. దయచేసి వద్దు. మీ ఏడుపు చూసి వాడు కంగారుపడి "పర్లేదమ్మా, ఏం కాలేదమ్మా" అంటాడు, అనక తప్పదు వాడికి. దెబ్బ తిన్నది వాడు, ఓదార్చేదీ వాడే అవుతుంది. ఆ తర్వాత నిజంగా కోపం వచ్చినా అమ్మ మళ్లీ ఏడుస్తుందేమో అని మింగేస్తాడు. ఏడవాలనిపిస్తే ముందు నా దగ్గరో, ఒక స్నేహితురాలి దగ్గరో, మీ ఆయన దగ్గరో ఏడ్చేయండి, ఆ పని అయిపోయాక వాడి దగ్గరికెళ్లండి.

మూడు, చిన్నగా చెప్పడం. ఎదురెదురుగా కూర్చుని కాదు, ఇద్దరూ నడుస్తున్నప్పుడో, ఏదో పని చేస్తున్నప్పుడో, మొహాలు చూసుకోనక్కర్లేని టైమ్‌లో. "లాక్‌డౌన్‌లో ఒకరోజు కాల్ మధ్యలో బయటికొచ్చి నిన్ను కొట్టాను, నీవల్ల ఉద్యోగం పోతుందన్నాను. అది తప్పు, నీవల్ల ఏదీ పోలేదు, పోయేది కూడా కాదు. నాకు భయమేసి నీమీద చూపించాను." ఇంతకంటే పెద్దగా వద్దు. "కానీ నువ్వు కూడా" అని మొదలయ్యే వాక్యం అసలే వద్దు, "నన్ను క్షమించావా" అని అడగొద్దు. వాడు "నాకు గుర్తులేదు" అనొచ్చు, "సరేలే" అని నడక వేగం పెంచొచ్చు, "ఇప్పుడెందుకు చెప్తున్నావ్" అని చిరాకు పడొచ్చు, ఏదైనా సరే, తీసుకోండి. కోపం వస్తే అది మంచి గుర్తే. వాడేం చెప్పడానికి వచ్చాడో తెలుసుకోవాలని మీకుంది, నాకు అర్థమైంది, కావాలంటే ఒక్కసారి అడగండి. తెలీదంటే ఇంక వదిలేయండి, అది తెలిస్తే మీకు ఊరట, వాడికి దానివల్ల ఒరిగేదేం లేదు.

ఒక చిక్కుంది, మర్చిపోయేలోపు చెప్తాను. ఆ ఎస్సే మీరు వాడికి తెలియకుండా చదివారు. 12 ఏళ్లకి బ్యాగ్ అంటే సొంత గది లాంటిది. అందుకని ఎస్సేలో మాటలు పట్టుకుని సంభాషణ మొదలుపెడితే విషయం సారీ నుంచి "నా బ్యాగ్ ఎందుకు తీశావ్" మీదకి మళ్లుతుంది. అయితే ముందే "బ్యాగ్ సర్దుతుంటే కనపడింది, చదివేశాను, బాగా రాశావ్" అని ఆ రోజే చెప్పేయండి, కొంచెం గొడవ పడతాడు, పడనివ్వండి. లేదంటే ఎస్సే ప్రస్తావన లేకుండా మీకు గుర్తున్నదాని నుంచి మొదలుపెట్టండి. నాకైతే మొదటిదే నచ్చింది, ఎందుకంటే ఆ బొమ్మల కాగితాల గురించి మాట్లాడుకునే అవకాశం దాంట్లోనే ఉంది. ఒకే సంఘటన గురించి తల్లీ పిల్లలూ కలిసి చెప్పుకుంటుంటే, నువ్వేం చూశావ్ నేనేం చూశాను అని, పిల్లల జ్ఞాపకం వివరంగా, స్థిరంగా తయారవుతుందని జ్ఞాపకాల మీద పనిచేసే సైకాలజిస్టులు చాలాకాలంగా చెప్తున్నారు. వాడి దగ్గర తలుపుకి అటువైపు కథ ఉంది, మీ దగ్గర ఇటువైపుది.

ఇప్పుడు తాతయ్య. నిజం చెప్పనా, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఇదే. మీరు ఇంకో మాట కూడా రాశారు, "రెండు పేజీల్లో తాతయ్య గురించి ఒక్క ముక్క లేదు" అని. ఒక్కసారి ఆలోచించండి, తలుపుకి బయట ఆ రెండేళ్లలో ఎక్కువ భాగం వాడి పక్కన ఉన్నదెవరు? వాడికి ప్రతి గంటా దొరికిన మనిషి ఎవరు? లాక్‌డౌన్ గురించి అంత వివరంగా రాసిన పిల్లాడు హాల్లో తనతోపాటు కూర్చున్న మనిషిని వదిలేశాడంటే, ఆయన మాట ఈ ఇంట్లో ఎత్తకూడదని వాడికి బాగా తెలుసు. మీరంతా నేర్పించారు, తెలియకుండానే. మీరేమో వాడు పోగొట్టుకున్నది మిమ్మల్ని అనుకుని ఇంత బాధపడుతున్నారు. మీరు రోజూ సాయంత్రం తలుపు తీసుకుని బయటికొచ్చారండీ. ఆయన రాలేదు.

ఆ రోజుల్లో ఇలా జరిగిన ఇళ్లు చాలా ఉన్నాయి. హాస్పిటల్ లోపలికి ఎవరినీ రానివ్వలేదు, చివరి చూపు లేదు, పెద్దవాళ్లకే అది నిజమో కాదో అన్నట్టు ఉండిపోయింది. పాలీన్ బాస్ అనే పరిశోధకురాలు 1970ల నుంచి ఇలాంటి నష్టాల గురించే పనిచేశారు, మనిషి ఉన్నాడో లేడో తేలకుండా ఆగిపోయిన దుఃఖం గురించి, అది మామూలు దుఃఖంలా కాలంతోపాటు తనంతట తాను తగ్గదు. మీ అబ్బాయి నెలకి పైగా సరిగ్గా అందులోనే ఉన్నాడు, పైగా ఒక్కడే. చనిపోవడమంటే మళ్లీ రాకపోవడం అని పిల్లలకి సాధారణంగా 5 నుంచి 7 ఏళ్ల మధ్య అర్థమైపోతుంది, వాడికి అప్పుడు 8. ఫోన్లలో మీ గొంతులు, ఆయన మంచం, మీ కళ్లు, అన్నీ చూసి తనే లెక్క కట్టుకున్నాడు. వాడు "నాకు తెలుసు" అన్న రాత్రి మీకు సమాచారం ఇవ్వలేదు, అడిగాడు.

ఇక్కడ మీ ఆయన కావాలి. "ఎందుకు తవ్వుతావు" అన్న మాట మీ తలుపు గురించి అన్నారని మీరనుకున్నారు. పోయింది ఆయన కన్నతండ్రి. రోజూ బయట తిరిగొచ్చింది ఈయన, జబ్బు ఎక్కడినుంచి వచ్చిందో అన్న ఆలోచన ఆయనకి ఒక్కసారి కూడా వచ్చి ఉండదా? నాకు తెలీదు, ఊహే, కానీ ముందు ఆయన్ని మెల్లగా అడగండి, కొడుకు గురించి కాదు, నాన్న గురించి. ఆయన మాట్లాడగలిగితే బాబుతో ఆయనే మొదలుపెట్టడం అన్నిటికంటే మంచిది, నాన్న గొంతులో తాతయ్య పేరు వింటే ఆ ఇంట్లో తాళం తీసినట్టే. ఆయన ఇప్పుడే వద్దంటే మీరొక్కరే మాట్లాడొచ్చు, కానీ ఆయనకి చెప్పి చేయండి, చాటుగా చేస్తే ఇంకో రహస్యం తయారవుతుంది. ఎవరు మొదలుపెట్టినా అబద్ధం దగ్గర్నుంచే మొదలవ్వాలి: "తాతయ్య పోయిన సంగతి నీకు వెంటనే చెప్పాల్సింది. నీకు చెప్తే మాకు కూడా నిజమైపోతుందని భయమేసింది. నువ్వే కనుక్కున్నావు, అప్పుడైనా నీతో మాట్లాడాల్సింది." తర్వాత ఆయన గురించి మామూలు మాటలు, ఆయన అలవాట్లు, ఆయన వేసే జోకులు, పాత ఫోన్లో ఉన్న వీడియోలు. వాడు లేచి వెళ్లిపోతే వెంటపడొద్దు. పిల్లలు ఇలాంటివి ముక్కలు ముక్కలుగా తీసుకుంటారు, ఇవాళ రెండు నిమిషాలు, మళ్లీ పదిహేను రోజులకి సంబంధం లేకుండా ఒక ప్రశ్న.

మీ ఎదుగుదల గురించి. "ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోలేకపోతున్నాను" అన్నారు. పాండమిక్ మాకు ఎంతో నేర్పింది, అదొక వరం అని చెప్పేవాళ్లని చూస్తే నాకు కొంచెం ఒళ్లు మండుతుంది, మీ ఇంట్లో ఒక మనిషి పోయాడు, దానికి వరం అని పేరు పెట్టలేం. అలాగని మీరు చదువుకున్న రాత్రులు దొంగతనం కూడా కాదు. మీరే రాశారు, వాడు పడుకున్నాక చదివానని. పగలు వాడికి మీరు దొరకకుండా చేసింది ఉద్యోగం, చదువు కాదు, మీరు ఒక్క పరీక్ష రాయకపోయినా ఆ తలుపు అలాగే వేసి ఉండేది. ఆ లెక్కన వాడి వాటాలోంచి మీరు తీసుకున్నది మరీ ఎక్కువేం లేదు. కొంత ఉంది, నిద్రలేక మర్నాడు చిరాకుగా ఉండి ఉంటారు, ఆ దెబ్బ వెనక కూడా అది ఉండొచ్చు. అంతవరకు ఒప్పుకోండి, అంతకంటే ఎక్కువ మోయొద్దు. "ఇది నావల్ల కాదు" అని చెప్పడం వచ్చిందన్నారు చూడండి, అది మీకెంత ఉపయోగమో వాడికీ అంతే, అడిగినవాళ్లందరికీ తలూపే అమ్మని చూసి పెరిగితే వాడూ అదే నేర్చుకునేవాడు.

ఉద్యోగం సంగతికొద్దాం. వద్దనొచ్చు. అలా చేస్తే కొన్నాళ్లు మనసు తేలికవుతుంది. కానీ ఎందుకు వద్దంటున్నారో చూసుకోండి. ఇప్పుడు 12 ఏళ్లవాడికి మీరు ఇంట్లో ఉండటం అవసరమై వద్దంటే అది ఒకటి, ఏడేళ్లవాడికి పడిన బాకీ తీర్చడానికి వద్దంటే వేరు, ఆ ఏడేళ్లవాడు ఇప్పుడు లేడు, ఆ బాకీ ఇలా తీరదు. పైగా వాడికి 16 వచ్చి, మార్కులు తగ్గి, తలుపు మొహం మీద వేసిన రోజున మీ నోటివెంట "నీకోసం ఎంత వదులుకున్నానో తెలుసా" అన్న మాట రాకుండా ఉంటుందా? అది "నీవల్ల నా ఉద్యోగం పోతుంది" అన్న పాత మాటేనండీ, ఈసారి నిజంగా పోయి ఉంటుంది కూడా.

ఒప్పుకోవచ్చు. అప్పుడు వాడికి స్కూలు నుంచి వచ్చాక కొన్ని గంటలు ఒంటరితనం ఉంటుంది, ఈ వయసులో అది కొంతమందికి హాయి, కొంతమందికి భారం, మీవాడు ఏ రకమో మీకే తెలుసు. మీరు ఊళ్లో లేని రోజుల్లో మీ ఆయన డ్యూటీ టైమింగ్స్ ఏంటో, ఎవరు ఇంట్లో ఉంటారో ఒప్పుకోకముందే తేల్చుకోవాలి. ఒకటి మాత్రం చెప్తాను, ఆఫీసుకెళ్లి సాయంత్రం ఇంటికొచ్చే అమ్మ పిల్లాడికి అర్థమయ్యే అమ్మ. లేనప్పుడు లేదు, ఉన్నప్పుడు ఉంది. వాడు రాసిన వాక్యాన్ని మళ్లీ చదివితే వాడి ఇబ్బంది అమ్మ లేకపోవడం గురించి కాదు, ఉండి కూడా దొరకకపోవడం గురించి. ఇంట్లోనే ఉండి రాత్రి తొమ్మిదింటిదాకా ల్యాప్‌టాప్ తీసే ఉద్యోగంకంటే ఇది వాడికి మేలు కావొచ్చు.

మధ్యదారి కూడా ఉంది, మొదటి మూడు నాలుగు నెలలు ప్రయాణాలు తగ్గించమని అడగడం, తేదీలు నెల ముందే చెప్పమనడం. అడిగితే వెనక్కి తీసుకుంటారేమో అన్న భయం ఉంటుంది, కానీ మీరే కావాలని పిలిచి ఇస్తున్న పోస్టు కదా, ఆ మాత్రం అడగొచ్చు. నా మొగ్గు ఇటువైపే, మీ ఇంటి సంగతి మీకంటే నాకు ఎక్కువ తెలియదన్నది గుర్తుపెట్టుకుని తీసుకోండి. ఏ నిర్ణయమైనా వాడికి ముందు చెప్పండి, ఏది కష్టంగా ఉంటుందో అడగండి, కానీ "వెళ్లనా వద్దా" అని వాడి మీద పెట్టొద్దు. అది పెద్దవాళ్ల పని.

ఇంకో రెండు మాటలు. పాండమిక్ మొదటి ఏడాదిలో ప్రపంచమంతా ఆందోళన, డిప్రెషన్ సుమారు 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది, అందులో కొంత చాలామందిలో ఇంకా మిగిలే ఉంది, 2023 మే 5న ఎమర్జెన్సీ అయిపోయిందని వాళ్లు ప్రకటించినంత మాత్రాన ఇళ్లలో అయిపోదు. బాబు తిండి, నిద్ర, స్నేహితులు, స్కూలు మామూలుగా ఉన్నాయని రాశారు కాబట్టి వాడి గురించి నాకు ఇప్పుడు పెద్ద కంగారు లేదు. తాతయ్య మాట ఎత్తాక వారాల తరబడి ముభావంగా ఉండిపోతే, స్కూలుకి వెళ్లనంటే, తనని తాను తిట్టుకుంటుంటే మాత్రం పిల్లల కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్లండి, ఆలస్యం చేయొద్దు. మీ నిద్ర రెండు వారాలు దాటినా ఇలాగే ఉంటే మీరు కూడా డాక్టర్‌ని కలవండి, నిద్రలేని మనిషి కొడుకుతో మాట్లాడటం, ఉద్యోగం గురించి నిర్ణయం తీసుకోవడం రెండూ సరిగ్గా చేయలేదు.

అన్నీ ఒకే వారంలో చేయాలని చూడకండి. నెలాఖరు తొందర ఆఫీసుకే, మిగతా వాటికి లేదు. ఈ వారం మీ ఆయనతో మామగారి గురించి మాట్లాడండి, మీ మేనేజర్‌కి ఆ ప్రయాణాల తేదీల గురించి మెయిల్ పెట్టండి. బాబుతో ఏది ముందు మాట్లాడాలో మీ ఆయన ఏమన్నారన్నదాన్ని బట్టి చూసుకుందాం, ఆయన ససేమిరా అంటే మళ్లీ రాయండి, అప్పుడు వేరేగా ఆలోచించాలి.